పదకొండో మాట

అనగనగా ఒక అడవి. "మళ్ళీ అడవేనా?" అని మూతులు ముడవకండి. నాకు తెలిసిన కథలన్నీ అక్కడే జరిగాయి మరి, నేనేం చెయ్యను? అసలు ఈ కథ చెప్పడానికి నాకే మనసొప్పదు. చెప్పకపోతే మీకు తెలియదని చెబుతున్నాను. మధ్యలో మంచినీళ్ళంటూ లేచారో, మళ్ళీ మొదటినుంచి చెప్పను.

ఆ అడవి అంచున కొండవాగు పక్కన ఒక పెద్ద మద్దిచెట్టు ఉండేది. దాని మీద ఇరవై ఒక్క గోరింకలు కాపురం ఉండేవి. గోరింకలంటే తెలుసుగా? పసుపు ముక్కు, పసుపు కాళ్ళు, ఒక్క క్షణం నోరు మూతపడని పిట్టలు. వాటికో విద్య ఉంది. ఎవరి గొంతు విన్నా అచ్చం అలాగే దించేస్తాయి.

అందరికంటే పెద్దది నాంచారమ్మ. అందరూ ఆమెను మామ్మా అనే పిలిచేవారు. రోజూ పొద్దు వాలగానే ఆమె పైకొమ్మ మీద కూర్చుని "రండర్రా, సందెమొక్కు వేళయింది" అని కేకేసేది. అంతే, ఎక్కడివాళ్ళు అక్కడినుంచి ఎగిరి వచ్చి ఎవరి కొమ్మ మీద వాళ్ళు కూర్చోవాలి. కళ్ళు మూసుకోవాలి. కొండతల్లికి మొక్కాలి.

ఆ మొక్కులో ఇరవై ఒక్క మాటలు. ఒక్కొక్కరికి ఒక్కో మాట. మొదటి మాట నాంచారమ్మది. "కొండతల్లీ, పొద్దు గుంకింది, మేం తిండి చాలించాం" అనేది ఆమె. ఆ మాట అయ్యాక మిడత వచ్చి ముక్కు మీద వాలినా సరే, ఎవరూ తినకూడదు. రెండో మాట, "తల్లీ, ముక్కులు కడుక్కున్నాం, రెక్కలు దులుపుకున్నాం." వాగులో మునగకుండా ఆ మాట ఎలా అంటారు? అందుకని అందరూ మునిగేవారు.

ఏడో మాట రత్తాలుది. "తల్లీ, పొద్దున్న తిట్టుకున్నాం, ఇప్పుడు కలిసిపోయాం" అనాలి ఆమె. పాపం, పొద్దు వాలేసరికి రత్తాలుకు కాలు నిలిచేది కాదు. పోట్లాడుకున్న వాళ్ళ దగ్గరికల్లా పరుగెత్తి, "మీరు కలవకపోతే నా మాట అబద్ధమైపోతుంది, కలుస్తారా, పొడవమంటారా?" అని పీక్కుతినేది. ఆమె బాధ పడలేక ఎంత పోట్లాడుకున్న వాళ్ళైనా కలిసిపోయేవారు. అందుకే ఆ చెట్టు మీద ఏ పోట్లాటా మర్నాటికి మిగిలేది కాదు.

పదకొండో మాట ఎల్లాజీది. "తల్లీ, ఎంత దూరం పోయినా గూటికి చేరాం." పన్నెండో మాట వాడి అక్క తవిటమ్మది. అక్కాతమ్ముళ్ళిద్దరూ పక్కపక్క కొమ్మల మీద కూర్చునేవారు.

ఇంకో నియమం ఉంది. బాగా వినండి. ఎవరి మాట వాళ్ళే అనాలి. ఒక్క మాట తప్పినా మొక్కు అక్కడికక్కడే ఆగిపోవాలి. అందరూ కళ్ళు తెరవాలి, చెట్టు దిగాలి, ఆ మాట ఎవరిదో వాళ్ళని వెదకాలి. "సగం మొక్కు కొండతల్లి పుచ్చుకోదర్రా" అనేది నాంచారమ్మ. ఆమెకు వాళ్ళ మామ్మ అలాగే చెప్పింది.

ముందటేడు పదిహేనో మాట వినబడలేదు. అది సన్యాసి అనే ముసలి గోరింకది. మొక్కు ఆగింది. అందరూ లేచి వెదికారు. రేగుకంపలో రెక్క ఇరుక్కుని వేలాడుతున్నాడు సన్యాసి. కంప కింద పునుగుపిల్లి కూర్చుని మూతి నాక్కుంటోంది. అందరూ కలిసి దాని నెత్తిన పొడిచి తరిమారు. సన్యాసిని విడిపించి తెచ్చి, పదిహేనో మాట దగ్గరనుంచి మొక్కు మళ్ళీ మొదలుపెట్టారు. ఆ రోజు సన్యాసి ఏడుస్తూనే తన మాట అన్నాడు.

మరి ఊరికే ఆలస్యంగా వచ్చినవాళ్ళ సంగతేంటి అంటారా? వాళ్ళకి మర్నాడు బారెడు పొద్దెక్కేదాకా ఉపవాసం. గింజ ముట్టకూడదు. పెద్ద శిక్షేం కాదు. మీ నాన్న వారానికోసారి ఉంటారు, బాగానే ఉన్నారుగా!

ఇప్పుడు ఎల్లాజీ సంగతి చెప్పాలి. వాడు రెక్కలొచ్చిన రెండో నెలలోనే తల్లి గాలివానకు పోయింది. తవిటమ్మే వాడిని సాకింది. తన నోటి పురుగు తీసి వాడి నోట్లో పెట్టింది. వాడు చెడ్డవాడు కాదు. కానీ ఒట్టి ఆటకాయ. ఎక్కడ కొత్త వింత కనిపిస్తే అక్కడే నిలబడిపోతాడు, పొద్దు సంగతే మరిచిపోతాడు.

ఒకసారి అలా ఆలస్యమై ఉపవాసం పడ్డాడు. మర్నాడు పొద్దున్నే "అక్కా, కళ్ళు తిరుగుతున్నాయే" అని కొమ్మ మీద వాలిపోయాడు. నటనే లెండి. ముందురోజు పొట్ట పగిలేలా మేడిపళ్ళు తిన్నవాడికి అంతలో కళ్ళెలా తిరుగుతాయి? కానీ అక్కకి ఆ సంగతి తట్టలేదు. ఆమె ప్రాణం విలవిల్లాడిపోయింది. "ఇంకెప్పుడూ వీడిని ఉపవాసం ఉండనివ్వను" అనుకుంది.

కొన్నాళ్ళకి తొలకరి పడింది. పుట్టల్లోంచి ఉసిళ్ళు బిలబిలా లేచాయి. ఆ సాయంత్రం ఎల్లాజీ పుట్ట దగ్గరే ఉండిపోయాడు. చెట్టు మీద మొక్కు మొదలైంది. ఎనిమిది, తొమ్మిది, పది మాటలు అయిపోయాయి. తవిటమ్మ ఒక కన్ను తెరిచి పక్కకొమ్మ చూసింది. ఖాళీ.

"వాడు పుట్ట దగ్గరే ఉన్నాడని నాకు తెలుసు. ఆపదేం లేదు. ఇంతమందినీ ఎందుకు లేపడం? వాడినెందుకు పస్తు పెట్టడం?" అనుకుంది.

తమ్ముడి గొంతులో చివర చిన్న జీర ఉంటుంది. ఆ జీరతో సహా దించి, "తల్లీ, ఎంత దూరం పోయినా గూటికి చేరాం" అంది. వెంటనే తన గొంతుతో పన్నెండో మాట అంది. ఎవరూ కళ్ళు తెరవలేదు. మొక్కు సాఫీగా సాగిపోయింది.

కాసేపటికి ఎల్లాజీ చప్పుడు చెయ్యకుండా వచ్చి కూర్చున్నాడు. "అయ్యో, అయిపోయిందా! రేపు పస్తేనా అక్కా?" అన్నాడు.

"లేదులే. నీ మాట నేనే అనేశాను."

"నువ్వా! నా గొంతుతోనా?" ఎల్లాజీ కిసుక్కున నవ్వాడు. "మా అక్క బంగారం!"

"బంగారం లేదు, గింగారం లేదు. ఇదే మొదలు, ఇదే ఆఖరు" అని కసిరింది తవిటమ్మ. కసిరిందే గానీ లోపల ఆమెకీ నవ్వొచ్చింది. ఆ నవ్వే కొంప ముంచింది.

నాలుగు రోజులైంది. ఈసారి ఎల్లాజీ ముందే అడిగాడు. "అక్కా, మందలోకి కొత్త గేదె వచ్చింది. దాని వీపు మీద ఎన్ని గోమారి పురుగులున్నాయో! ఇవాళ కూడా నా మాట నువ్వే అనేద్దూ."

"కుదరదు. మామ్మకి తెలిస్తే చీల్చేస్తుంది."

"మామ్మకి ఎలా తెలుస్తుందే? నీ అంత బాగా ఎవరు దించగలరు ఈ చెట్టు మీద?"

పొగిడితే కరగని వాళ్ళెవరు చెప్పండి? ఆ సాయంత్రం కూడా తవిటమ్మ తమ్ముడి మాట అంది. మొక్కు అయ్యాక నాంచారమ్మ పైకొమ్మ మీంచి, "ఏరా ఎల్లాజీ, ఈ మధ్య నీ మాట వేళకి పడుతోందిరా. బాగుపడ్డావు" అంది.

తవిటమ్మ ఎల్లాజీ గొంతుతోనే "అంతా నీ దయ మామ్మా" అంది. నాంచారమ్మ సరేనని ముక్కు రెక్కలో దూర్చుకుంది.

చూశారా? మొదటిసారి ఒక మాట. రెండోసారి ఒక మాట, దానికి తోడు ఒక అబద్ధం.

ఇంక మూడోసారి.

ఆ రోజు మధ్యాహ్నంనుంచే మబ్బు పట్టింది. గాలి తిరిగింది. గోరింకలన్నీ తొందర తొందరగా చెట్టెక్కాయి. ఎప్పుడూ లేనిది, గోల కూడా ఎక్కువే చేస్తున్నాయి. వాన వచ్చేలోగా మొక్కు ముగించాలని నాంచారమ్మ వేళకంటే కాస్త ముందే "కొండతల్లీ" అని అందుకుంది.

ఎల్లాజీ రాలేదు. ఈసారి అక్కకి చెప్పి పోలేదు. ఎక్కడికి పోయాడో ఆమెకి తెలియదు.

పదో మాట అయిపోయింది. తవిటమ్మ పక్కకి చూసింది. ఖాళీ కొమ్మ గాలికి ఊగుతోంది. ఆమె నోరు తెరవలేదు. ఒక్క ఊపిరి సేపు అలాగే ఉండిపోయింది.

ఆ ఒక్క ఊపిరిలో ఎన్ని ఆలోచనలో! "వాడెక్కడున్నాడో నాకు తెలియదు. ఊరుకుంటే మొక్కు ఆగుతుంది, అందరూ వెదుకుతారు. కానీ వాడు ఏ గేదె మీదో ఊరేగుతూ కనిపిస్తే? ఇన్నాళ్ళూ వేళకి వచ్చినవాడు ఇవాళేమయ్యాడని మామ్మ అడుగుతుంది. పాతవి కూడా బయటపడతాయి. నా పరువేం కాను? వాన వస్తోంది, అందరూ తడిసిపోతారు. వాడెలాగూ వచ్చేస్తాడు. ఎప్పుడూ రాలేదూ?"

ఆమె ఆ మాట అనకుండా ఉండాల్సింది. పిల్లలూ, ఈ కథ చెప్పినప్పుడల్లా నాకు ఇక్కడ ఆగి "వద్దే తల్లీ, నోరు మూసుకో" అని అరవాలనిపిస్తుంది. కానీ ఆమె అంది. చివర జీరతో సహా, అంతకు ముందు రెండుసార్లకంటే బాగా అంది.

"తల్లీ, ఎంత దూరం పోయినా గూటికి చేరాం."

మొక్కు ముగిసింది. మళ్ళీ అందరూ గోల మొదలుపెట్టారు. అంతలో వాన దభీమని పడింది. చీకటి కమ్మేసింది. చీకట్లో గోరింకకి కళ్ళు ఆనవు. ఎగరడం మాట అటుంచి, పక్కకొమ్మ కూడా కనిపించదు. "వానకి ఎక్కడో చెట్టుతొర్రలో ఆగుంటాడు" అని తవిటమ్మ తనకు తానే చెప్పుకుంది. తెల్లారేలోగా అలా ఎన్నిసార్లు చెప్పుకుందో లెక్కలేదు.

తెల్లారింది. వాన వెలిసింది. పక్కకొమ్మ ఖాళీగానే ఉంది. తవిటమ్మ ఇక ఆగలేకపోయింది. నాంచారమ్మ ముందు వాలి, "మామ్మా, తమ్ముడు రాత్రి ఇంటికి రాలేదు" అంది.

"అదేమిటే? సందెకి మాట అన్నాడుగా!"

"అది వాడు కాదు మామ్మా. నేను."

నాంచారమ్మ కొమ్మల వైపు తిరిగింది. "లేవండర్రా!" అని ఒక్క కేక పెట్టింది. ఇరవై గోరింకలూ లేచాయి.

ఎంతోసేపు వెదకక్కర్లేకపోయింది. అదే బాధ. వాడు దూరమేం పోలేదు. చెట్టుకి కూతవేటు దూరంలో, వాగు గట్టు అవతల పడున్నాడు. కౌజుపిట్టల కోసం ఎవడో వేటగాడు ఉచ్చు పన్నాడు. ఆ ఉచ్చులో ఎల్లాజీ కాలు బిగుసుకుంది. పీక్కోబోయి రెక్క విరగ్గొట్టుకున్నాడు. ఒంటినిండా బురద. ఒళ్ళంతా చల్లబడిపోయింది.

ఇరవై ముక్కులూ ఉచ్చు మీద పడ్డాయి. అందరూ కలిసి పొడిస్తే ఆ పేలిక తాడు ఎంతసేపు ఆగుతుంది? మీరు ఒక్క ముద్ద మింగేలోగా తెగిపోయింది. అంతే పని. నిన్న సందెకి వచ్చి ఉంటే అంతే పని.

తవిటమ్మ వాడి తలని తన రెక్కలోకి తీసుకుంది. "తమ్ముడూ, ఒరేయ్, నేనొచ్చానురా. కళ్ళు తెరవరా."

ఎల్లాజీ కళ్ళు తెరిచాడు. "వచ్చావా అక్కా" అన్నాడు. "నిన్న పెందలాడే వచ్చేద్దామనుకున్నానే. నిజంగా. గట్టు మీద గింజలు కనిపించాయి. నీక్కూడా నాలుగు తెద్దామని దిగాను."

"అరవలేకపోయావా నాయనా? ఇంత దగ్గరలో ఉన్నామే!"

"అరిచాను. మీ గోలలో మీకు వినబడలేదు. ఇంతలో మొక్కు మొదలైంది. మొక్కు మధ్యలో అరవకూడదుగా, మామ్మ తిడుతుంది. అయినా అరవడమెందుకు, నా మాట తప్పితే మొక్కు ఆగుతుంది, అందరూ వచ్చేస్తారనుకున్నా. సన్యాసి తాత కోసం వెళ్ళాంగా. అందుకే బుద్ధిగా కూర్చుని ఒక్కొక్క మాటా లెక్కపెట్టుకున్నాను. ఎనిమిది. తొమ్మిది. పది."

వాడు ఊపిరి తీసుకోవడానికి ఆగాడు.

"తర్వాత నా మాట వినబడింది అక్కా. నా గొంతే. ఎవరా అని ఆశ్చర్యపోయాను. అప్పుడు గుర్తొచ్చింది, నువ్వని." ఎల్లాజీ నవ్వబోయాడు. "భలే అన్నావే. నేను కూడా నమ్మేశాను. ఇంకెవరూ రారని అప్పుడు తెలిసింది."

అదే వాడి ఆఖరి మాట. పొద్దు కొండ దాటి పైకి రాకముందే ఎల్లాజీ పోయాడు.

తవిటమ్మ ఏడవలేదు. తర్వాత నాంచారమ్మ కాళ్ళ దగ్గరికి పోయి, "నాకు శిక్ష వెయ్యి మామ్మా. వాడికి ఒక్క పూట పస్తు తప్పించబోయి వాడి ప్రాణమే తీసేశాను. ఏ శిక్షయినా సరే, నన్ను చెట్టు మీంచి వెళ్ళగొట్టినా సరే" అంది.

"శిక్ష వేస్తే నీ బరువు దిగుతుందనుకుంటున్నావేమో. దిగదమ్మా" అంది నాంచారమ్మ. "తిలాపాపం తలా పిడికెడు. నాకెవరు వేస్తారు శిక్ష? రెండోసారే నాకు అనుమానం వచ్చింది. మాట వచ్చింది ఎల్లాజీ కొమ్మ నుంచి కాదు, పక్కకొమ్మ నుంచి. కళ్ళు తెరిచి చూస్తే తెలిసిపోయేది. చూడలేదు. మొక్కు ఎక్కడా ఆగకుండా సాగుతోంది కదా, కుర్రాడు దారిలో పడ్డాడు కదా అని మురిసిపోయాను. సగం మొక్కు కొండతల్లి పుచ్చుకోదని మీకు చెప్పాను గానీ, ఎందుకు పుచ్చుకోదో నేనే మరిచిపోయాను. ఆ తల్లికి మన మాటలతో ఏం పనే? ఆమె అడిగేది మనం ఇరవై ఒక్కరం క్షేమంగా ఉన్నామా అని."

సన్యాసి తల దించుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. రత్తాలు తవిటమ్మ పక్కన చేరి ముక్కుతో ఆమె మెడ నిమిరింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? అయినా పొద్దు ఆగుతుందా? ఆ సాయంత్రం కూడా వాలింది. నాంచారమ్మ పైకొమ్మ ఎక్కి, "రండర్రా, సందెమొక్కు వేళయింది" అంది.

అందరూ వచ్చి ఎవరి కొమ్మ మీద వాళ్ళు కూర్చున్నారు. మొదటి మాట అయింది. రెండు అయింది. ఏడు అయింది. పది అయింది.

తర్వాత నిశ్శబ్దం.

ఇరవై మందిలో ఆ మాట అచ్చం ఎల్లాజీలా అనగలిగేది ఒక్కరే. తవిటమ్మ గొంతులోకి ఆ మాట వచ్చింది, చివర జీరతో సహా వచ్చింది. ఆమె ముక్కు గట్టిగా మూసుకుంది.

మాట తప్పింది. నియమం ఏమిటి? మొక్కు ఆగాలి. అందరూ లేచి వెదకాలి. వెదకడానికి ఎవరూ లేరని అందరికీ తెలుసు. అయినా నాంచారమ్మ రెక్కలు విప్పింది. ఆమె వెనక పందొమ్మిది జతల రెక్కలు విప్పుకున్నాయి. అందరూ చెట్టు చుట్టూ తిరిగారు, రేగుకంపల మీదుగా తిరిగారు, మెల్లగా వెనక్కి వచ్చి కూర్చున్నారు.

తవిటమ్మ ఒక్కతే వాగు గట్టు దాకా పోయింది. "ఎల్లాజీ! ఒరేయ్ ఎల్లాజీ!" అని పిలిచింది. తన సొంత గొంతుతోనే పిలిచింది. వెలుతురు ఉన్నంతసేపూ పిలిచి, తిరిగి వచ్చి తన కొమ్మ మీద కూర్చుంది.

నీతి: దేవుడి పేరున పెద్దలు పెట్టిన నియమం మనల్ని కనిపెట్టుకుని ఉండడానికే. ప్రేమకొద్దీ అయినా సరే, ఒకరు పాటించాల్సిన దాన్ని ఇంకొకరు పాటించి, సరిపోయిందనిపించకూడదు.